సుఖమైన కారు ఏది సార్? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మైలేజీ ఎంత, పికప్ ఎంత అని కాకుండా "దిగాక ఒళ్లు నొప్పులు లేని బండి ఏది" అని అడిగినవాళ్లే ఎక్కువ. నాకూ ఇష్టమైన సబ్జెక్టు కాబట్టి మిగతావి పక్కన పెట్టి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: డొంకతిరుగుడు లేకుండా ఒక్క పేరు చెప్పండి. సొంతంగా కొనుక్కుని, సొంతంగా నడుపుకోవడానికి అన్నిటికన్నా సుఖమైన కారు ఏది?

జవాబు: లెక్సస్ ఈఎస్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌కి కరెంటు మోటారు తోడుండే రకం. అంత బడ్జెట్ లేదంటే దాని దాయాది టయోటా క్యామ్రీ హైబ్రిడ్. చెప్పేశాను, తిట్టేవాళ్లు ఇక మొదలెట్టొచ్చు.

రోల్స్ రాయిస్ ఫాంటమ్ ఉండగా, మెర్సిడెస్ ఎస్-క్లాస్ ఉండగా ఇదేంటి అంటారు. నిజమే, గతుకు వచ్చినా మనం గతుక్కుమనకుండా దాటించడంలో వాటిని మించినవి లేవు. 2013లో వచ్చిన ఎస్-క్లాస్‌లో ముందు అద్దం దగ్గరున్న కెమెరాలు రోడ్డుని చూసి, చక్రం గతుకు మీదికి ఎక్కేలోపే, కుదుపుని మింగే సస్పెన్షన్‌ని సిద్ధం చేసే ఏర్పాటు కూడా ఉండేది, కావాలంటే పెట్టించుకోవచ్చు. కానీ మీరు అడిగింది సొంతంగా నడుపుకోవడానికి. ఫాంటమ్‌లో అసలు భోగమంతా వెనక సీటుది, ముందు కూర్చున్నవాడికి మిగిలేది అయిదున్నర మీటర్లు దాటిన బండిని ఎక్కడా గీత పడకుండా తిప్పే పని. పైగా ఇలాంటి బండ్లలో చాలావాటికి స్ప్రింగుల బదులు గాలి సంచులు ఉంటాయి. అవి రబ్బరువి, ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లు వస్తాయి, గాలి మెల్లగా పోతుంది, ఒక పొద్దున తాళాలు పట్టుకుని వచ్చి చూస్తే బండి ఒక మూలకి చతికిలబడి ఉంటుంది. ఆ రోజు వచ్చే టెన్షన్‌ని కూడా సుఖం లెక్కలోంచి తీసేయాలి కదా!

ఈఎస్, క్యామ్రీలకి మామూలు ఉక్కు స్ప్రింగులే. అయినా మెత్తగా ఎందుకుంటాయంటే, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2.8 మీటర్ల పైమాటే. వీల్‌బేస్ పొడవుగా ఉంటే స్పీడ్ బ్రేకర్ మీద ముందు లేచి వెనక పడే ఉయ్యాల తగ్గుతుంది. హైబ్రిడ్‌లో గేర్లు మారడం అనేదే ఉండదు, ట్రాఫిక్‌లో మోటారు మీద చప్పుడు లేకుండా జారుకుంటూ పోతుంది. 1989లో మొదటి లెక్సస్ ఎల్ఎస్ 400 వచ్చినప్పుడు బానెట్ మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చి, బండిని రోలర్ల మీద పెట్టి చక్రాలు గిరగిరా తిప్పుతూ ఒక్క గ్లాసూ కదలని ప్రకటన తీశారు. ప్రకటనే అయినా ఆ కంపెనీ దృష్టి దేనిమీద ఉందో తెలుస్తుంది. నడపడంలో మజా మాత్రం వెతక్కండి, దొరకదు. మలుపుల్లో స్టీరింగ్ చేతికి కబుర్లు చెప్పే రకం కాదు ఇది.

ప్రశ్న: షోరూంలో కూర్చుంటే సోఫాలా ఉంది, కళ్లు మూసుకుని కొనేశాను. మొన్న మూడు గంటలు నడిపేసరికి నడుం పట్టేసింది. సీటు పాడైందంటారా, నా నడుమా?

జవాబు: రెండూ కాదు, మిమ్మల్ని ఆ సోఫానే మోసం చేసింది. మెత్తటి స్పాంజి మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది. తరవాత అందులోకి దిగబడిపోతాం, తుంటి కిందికి, మోకాళ్లు పైకి, నడుం దగ్గర వెన్ను విల్లులా బయటికి వంగుతుంది. గంట దాటాక నొప్పి మొదలయ్యేది అక్కడే. జర్మన్ కార్లలో సీటు ఎక్కగానే గట్టిగా అనిపించి, నాలుగు గంటల తరవాత దిగితే ఏమీ కానట్టు ఉండటానికి కారణం ఇదే. వోల్వో సీట్లకి దశాబ్దాలుగా ఉన్న పేరు కూడా మెత్తదనం వల్ల వచ్చింది కాదు, తొడ కింద నుంచి భుజం దాకా ఒళ్లంతా ఆనడం వల్ల. నిస్సాన్ వాళ్లు "జీరో గ్రావిటీ" అని పేరు పెట్టిన సీట్లకి మూలం, బరువులేని స్థితిలో మనిషి ఒళ్లు తనంతట తాను ఏ భంగిమలోకి వెళ్తుందన్న దాని మీద నాసా చేసిన పరిశోధన.

కొనే ముందు చూడాల్సినవి చెప్తాను, కొన్నాక సరిచేసుకోగలిగినవి కూడా ఇవే. సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టే ఖాళీ ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే తొడలకి ఆసరా లేదని అర్థం, పొడుగు మనుషులకి చిన్న కార్లలో వచ్చే చిక్కు ఇదే. తరవాత సీటు ఎత్తు. చాలామంది దీన్ని ముట్టుకోనే ముట్టుకోరు! ముందు ఎత్తు పెట్టుకోండి, ఆ తరవాత క్లచ్చో బ్రేకో పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేలా ముందుకు జరగండి, ఆఖర్న వీపు ఆనించి చెయ్యి చాచితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడేలా వెనక వాలు సర్దుకోండి. ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య ఎయిర్‌బ్యాగ్ కోసం 25 సెంటీమీటర్లయినా వదలాలి. స్టీరింగ్ ఎత్తు మాత్రమే కాకుండా దగ్గరికీ దూరానికీ కూడా జరిగే కారు అయితే సగం సమస్య తీరినట్టే.

ఇంకోటి, వెనక జేబులో పర్సు పెట్టుకుని నడుపుతున్నారా? తీసేయండి. ఒక తుంటి లేచి ఒకటి దిగి మూడు గంటలు కూర్చుంటే ఏ సీటూ మిమ్మల్ని కాపాడలేదు.

ప్రశ్న: మసాజ్ సీట్లు, వెంటిలేటెడ్ సీట్లు... డబ్బు దండగా?

జవాబు: మసాజ్ దండగ, మొదటి వారం తరవాత ఆ బటన్ మీద దుమ్ము పడుతుంది. సీట్లోంచి గాలి ఆడించే వెంటిలేషన్ దండగ కాదు. ఎండలో వీపు తడవకపోవడం ఎంత సుఖమో ఒకసారి అలవాటైతే వదల్లేరు.

ప్రశ్న: ఒకే మోడల్, కింది వేరియంట్‌కి 16 అంగుళాల చక్రాలు, పైదానికి 18. సేల్స్ అబ్బాయి పెద్ద చక్రాలైతే ప్రయాణం ఇంకా సాఫీగా ఉంటుందంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీకు కావాల్సింది సుఖమే అయితే ఆ అబ్బాయి మాట వినొద్దు. నా చేతికి వచ్చిన ప్రశ్నల్లో ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే సుఖమైన కార్లని చేజేతులా పాడుచేసుకునేది ఇక్కడే.

టైరు మీద అంకెలు చదవడం నేర్చుకోండి. 205/60 ఆర్16 అంటే వెడల్పు 205 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 123 మి.మీ., రిమ్ము 16 అంగుళాలు. అదే కారుకి 215/45 ఆర్18 వేశారనుకోండి, పక్కగోడ 97 మి.మీ.కి పడిపోతుంది. చక్రం మొత్తం వ్యాసం చూస్తే రెండిటికీ దాదాపు 65 సెంటీమీటర్లే, ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా. అంటే మీరు కొన్నది పెద్ద చక్రం కాదు, పెద్ద రిమ్ము. నిజంగా చక్రం మొత్తమే పెద్దదైతే గుంతలోకి తక్కువ దిగుతుంది, సాఫీగా పోతుంది, ఆ మాట నిజం. ఆ అబ్బాయి ఆ నిజాన్ని తీసుకొచ్చి దీనికి అతికిస్తున్నాడు. మీ విషయంలో పెరిగింది లోహం, తగ్గింది రబ్బరు, దాని లోపలి గాలి. రోడ్డు మీద చిన్న చిన్న రాళ్లూ అతుకులూ పగుళ్లూ సస్పెన్షన్ దాకా రాకుండా మింగేసేది ఆ గాలే. మనిషి ఒళ్లు కిందికీ పైకీ వచ్చే కంపనాల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే వాటిని ఎక్కువగా పట్టించుకుంటుంది, మంచి సస్పెన్షన్ బండి ఒంటిని సెకనుకు ఒకటీ ఒకటిన్నర సార్లు మాత్రమే ఊగేలా ఆపుతుంది. పక్కగోడ పొట్టిగా ఉన్న టైరు వేస్తే ఆ గరగర, కటకట అంతా నేరుగా సీట్లోకి వచ్చేస్తుంది. పెద్ద రిమ్ములు చాలావరకు బరువు కూడా ఎక్కువ. స్ప్రింగు కింద వేలాడే బరువు పెరిగితే షాక్ అబ్జార్బర్‌కి దాన్ని అదుపు చేయడం ఇంకా కష్టం.

నేనూ ఒకప్పుడు అందానికి పడిపోయినవాణ్నే. 18 అంగుళాల నల్లటి అలాయ్‌లు ఉన్న బండి కొని ఏడాదిలో రెండు రిమ్ములు వంచుకున్నాను, మూడోది వంగాక సిగ్గు పక్కన పెట్టి అదే మోడల్ కింది వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే 16 సైజు సెట్ వేయించాను. బండి మార్చేశారా అని ఇంట్లోవాళ్లు అడిగారు. ఫొటోల్లో ఇప్పుడు కొంచెం బోడిగా కనిపిస్తుంది, అయితే ఏంటి, నేను కూర్చునేది లోపల.

మీరూ మార్చుకోవచ్చు, కాకపోతే అదే మోడల్‌కి తయారీదారు ఆమోదించిన సైజే వేయాలి, టైరు మోయగల బరువు సూచీ తగ్గకూడదు, చక్రం లోపల బ్రేకుని నొక్కే కాలిపర్‌కి చిన్న రిమ్ము తగలకూడదు. ఈ మూడూ చూడకుండా ఏదో ఒక సైజు తగిలిస్తే సుఖం మాట దేవుడెరుగు.

ప్రశ్న: పాత సిట్రోయెన్ డీఎస్ ఫొటోలు చూసి మనసు పారేసుకున్నాను. నీళ్ల మీద పడవలా పోతుందంటారు, నిజంగా అంత మెత్తనా? ఒకటి కొనుక్కుని రోజూ తిరగొచ్చా?

జవాబు: మెత్తన అన్నది నిజం. రోజూ తిరగడం మాత్రం వద్దు. మధ్యలో కథ పెద్దది, చెప్పకుండా ఉండలేను.

ఈ ఫ్రెంచ్ కంపెనీకి మెత్తదనం పిచ్చి ముందు నుంచీ ఉంది. 1948లో బయటికి వచ్చిన 2సీవీ అనే చిన్న కారుకి పెట్టిన షరతు ఏంటంటే, దున్నిన పొలంలో బుట్టెడు గుడ్లు వేసుకుని పోయినా ఒక్కటీ పగలకూడదు. అది పేద రైతు కోసం తీసిన బండి, ముందు చక్రం సస్పెన్షన్‌నీ వెనక చక్రం సస్పెన్షన్‌నీ ఒకదానికొకటి కలిపి ఆ పని సాధించారు. ఆ తరవాత పాల్ మాజెస్ అనే ఇంజనీరు ఉక్కు స్ప్రింగునే తీసి పారేశాడు. దాని బదులు ప్రతి చక్రం దగ్గరా ఒక ఇనుప గోళం, అందులో ఒక సగం నైట్రోజన్ వాయువు, ఇంకో సగం నూనె, మధ్యలో రబ్బరు పొర. చక్రం పైకి లేస్తే నూనె వెళ్లి వాయువుని నొక్కుతుంది, వాయువే స్ప్రింగు. కొంచెం నొక్కితే మెత్తగా ఉంటుంది, గట్టిగా నొక్కేకొద్దీ తనే గట్టిపడుతుంది. నలుగురు ఎక్కి సామాను వేసినా పంపు ఇంకాస్త నూనె పంపి బండిని మళ్లీ అదే ఎత్తుకి తెస్తుంది. 1955 పారిస్ మోటార్ షోలో డీఎస్‌ని చూపించిన మొదటి రోజే 12 వేల ఆర్డర్లు వచ్చాయి. 1962 ఆగస్టులో ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ మీద పెటి క్లమార్ దగ్గర కాల్పులు జరిగినప్పుడు, ఆయన డీఎస్ టైర్లకి తూటాలు తగిలినా బండి అదుపు తప్పకుండా అక్కణ్నుంచి తప్పించుకుపోయింది. ఇంగ్లీషువాళ్లు ఊరికే ఒప్పుకుంటారా చెప్పండి, కానీ రోల్స్ రాయిస్ 1965లో సిల్వర్ షాడో తీసినప్పుడు హైడ్రాలిక్స్ పరిజ్ఞానానికి లైసెన్స్ తీసుకున్నది సిట్రోయెన్ దగ్గరే.

ఇక రోజువారీ సంగతి. ఆ గోళాల్లో నైట్రోజన్ ఏళ్ల మీద మెల్లగా తగ్గిపోతుంది, తగ్గాక అదే మెత్తటి బండి ఎద్దుబండి కన్నా అన్యాయంగా ఎగరేస్తుంది. మొదట్లో వచ్చిన వాటికి ఎర్ర నూనె, తరవాతి వాటికి ఎల్‌హెచ్‌ఎం అనే పచ్చ నూనె. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి సీళ్లన్నీ పోతాయి. బ్రేకులు కూడా అదే నూనె ఒత్తిడి మీద పనిచేస్తాయి కాబట్టి లీకుని చిన్న విషయంగా తీసుకోలేరు. ఇవన్నీ తెలిసిన మెకానిక్కు మీకు దగ్గర్లో ఉంటే, ఇంకో రోజువారీ కారు ఇంట్లో ఉంటే, సెలవు రోజుల కోసం తప్పకుండా కొనుక్కోండి, నాకు అసూయే. లేకపోతే ఇప్పటి సిట్రోయెన్‌లలో సీ5 ఎయిర్‌క్రాస్ లాంటివి చూడండి. గోళాల కాలం 2017లో సీ5తో ముగిసింది. ఇప్పుడు మామూలు స్ప్రింగులే వాడుతూ, షాక్ అబ్జార్బర్‌కి రెండు చివర్లా చిన్న హైడ్రాలిక్ కుషన్లు పెడుతున్నారు, పెద్ద గుంతలో పడినా "ధడేల్" మనకుండా ఆఖరి క్షణంలో అవి ఆ దెబ్బని తీసుకుంటాయి. పాత మాయాజాలం లేదు, పాత తలనొప్పీ లేదు.

ప్రశ్న: అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులు. ఎస్‌యూవీ అయితే ఎత్తుగా ఉంటుంది, సుఖం కదా అని అందరూ అంటున్నారు.

జవాబు: ఎక్కడం దిగడం వేరు, కూర్చుని ప్రయాణించడం వేరు. ఈ రెండూ కలిపేయడం వల్లే చాలామంది పొరపాటు పడుతున్నారు.

ఎక్కడానికి సుఖం అంటే సీటు దాదాపు నిలబడ్డ మనిషి తుంటి ఎత్తులో ఉండాలి, పక్కకి తిరిగి కూర్చుంటే సరిపోవాలి. సెడాన్‌లో కిందికి కూలబడాలి, లేచేటప్పుడు మోకాళ్ల మీద భారం. మరీ పెద్ద ఎస్‌యూవీలో మెట్టు పట్టుకుని గోడ ఎక్కినట్టు ఎక్కాలి, అది ఇంకా ఘోరం. మధ్యరకం ఎత్తున్న క్రాసోవర్లు, పొడుగాటి హ్యాచ్‌బ్యాక్‌లు ఇందుకు బాగుంటాయి. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో, కింద గుమ్మం ఎంత మందంగా ఉందో చూడటం మర్చిపోకండి.

ప్రయాణం సంగతికి వస్తే, ఎత్తయిన బండి మలుపుల్లో ఎక్కువ వాలుతుంది. అది ఆపడానికి సస్పెన్షన్ గట్టిగా చేస్తారు, చేశాక ఒక పక్క చక్రం గుంతలో పడితే లోపల తలలు అటూ ఇటూ ఊగుతాయి. వెనక సీటు పెద్దవాళ్ల మెడకి ఇదే ఇబ్బంది. లారీలా కింద ఛాసిస్ విడిగా ఉండే రకం ఎస్‌యూవీలు మొండివే కానీ ఆ వణుకు పూర్తిగా పోదు. అందుకే మీరు తీసుకెళ్లి చూపించాల్సింది మీకు కాదు, వాళ్లకి. ముందు నాలుగుసార్లు ఎక్కి దిగమనండి, తరవాత వెనక కూర్చోబెట్టి పాడు రోడ్డు మీద అరగంట తిప్పండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు కొన్నాం. నడుపుతుంటే నాకు స్వర్గం, వెనక పిల్లలకి వాంతులు. పాత పెట్రోలు కారులో ఇలా లేదు.

జవాబు: పాపం! తప్పు బండిది సగం, మీ కుడి కాలిది సగం.

ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ వణుకు లేదు, గేర్ల కుదుపు లేదు, ఆ మేరకు సుఖమే. కానీ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారు జనరేటర్‌గా మారి బండిని పట్టి ఆపుతుంది, దీన్నే రీజెన్ అంటారు. ఎక్కువ స్థాయిలో పెట్టుకుని కాలు వేస్తూ తీస్తూ ఉంటే లోపలి వాళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటారు. గుంతల కుదుపు వల్ల కడుపులో తిప్పడం తక్కువ, దానికి అసలు కారణం నెమ్మదిగా సాగే ఊపు. సుమారు అయిదు సెకన్లకి ఒకసారి వచ్చే ఊపు మనిషికి అన్నిటికన్నా ఎక్కువ వికారం తెప్పిస్తుంది. మీకెందుకు రాదంటే, ఆ ఊపు ఎప్పుడు వస్తుందో మీ మెదడుకి ముందే తెలుసు, తెచ్చేది మీరే కాబట్టి. పిల్లలకి తెలియదు, పైగా కిటికీ అంచు కిందికి ఉండిపోతారు, చేతిలో ఫోను. చెవి లోపలి సమతుల్య యంత్రాంగం కదులుతున్నామంటుంది, కళ్లు కదలట్లేదంటాయి, మధ్యలో నలిగేది కడుపు.

రీజెన్‌ని అన్నిటికన్నా తక్కువ స్థాయికి దించండి, నెల రోజులు అలాగే నడపండి. కాలు తీసేటప్పుడు ఒక్కసారిగా తీయకుండా మెల్లగా వదలండి. పిల్లలకి ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనబడేలా కూర్చోబెట్టండి, కాకపోతే వాళ్ల వయసుకి తగ్గ సీటు, బెల్టు విషయంలో రాజీ వద్దు. ఫోన్లు సంచిలోకి. పనిలో పనిగా టైర్లలో గాలి కూడా చూసుకోండి. ఈ బండ్లలో బ్యాటరీయే కొన్ని వందల కిలోలు, అందుకని స్ప్రింగులూ గాలీ రెండూ గట్టిగానే ఉంటాయి, దాని మీద ఇంకా ఎక్కువ కొట్టిస్తే రాళ్ల మీద పోయినట్టే.

ప్రశ్న: రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లోనే. ఏ ఆటోమేటిక్ మంచిది? పేర్లు చూస్తే బుర్ర తిరుగుతోంది.

జవాబు: ట్రాఫిక్‌కే అయితే టయోటా రకం హైబ్రిడ్‌లోని ఈ-సీవీటీ మొదట. పేరులో సీవీటీ ఉన్నా అందులో బెల్టు లేదు, క్లచ్ లేదు, ఒక గ్రహ చక్రాల గేరు సెట్‌తో ఇంజిన్‌నీ మోటార్లనీ కలిపేస్తారు, 1997 నాటి మొదటి ప్రియస్ నుంచీ మూల సూత్రం అదే. ఎలక్ట్రిక్ బండి కూడా అంతే సాఫీ. తరవాత గేరు మెట్లు లేకుండా బెల్టు మీద సాగే మామూలు సీవీటీ, లేదా ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్లకి అందించే టార్క్ కన్వర్టర్, మీ ఇష్టం. రెండు క్లచ్‌లతో తరవాతి గేరుని ముందే సిద్ధంగా ఉంచే డ్యూయల్ క్లచ్ హైవే మీద అద్భుతం, ఇంచీ ఇంచీ పాకేటప్పుడు తడబడుతుంది, నూనె లేని పొడి క్లచ్‌ల రకమైతే వేడెక్కుతుంది కూడా. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సుకి మనిషి బదులు మర కాలు పెట్టడం, ప్రతి గేరుకీ తల ఊపిస్తుంది. చౌకగా క్లచ్ బాధ తప్పాలంటే సరే, సుఖం కోసమైతే వద్దు. ఆటో హోల్డ్ ఉందో లేదో అడగండి, సిగ్నల్ దగ్గర బ్రేక్ మీంచి కాలు తీసినా బండి నిలబడి ఉంటుంది. నాకైతే సన్‌రూఫ్ లేకపోయినా పర్లేదు కానీ ఇది లేకుండా ఇక కొనను.

ప్రశ్న: 80 మీద నిశ్శబ్దంగా ఉండే కారు 120కి వెళ్లేసరికి ఎందుకు హోరెత్తిపోతుంది? డోర్లకి డ్యాంపింగ్ షీట్లు అతికిస్తే తగ్గుతుందా?

జవాబు: కొంచెమే తగ్గుతుంది. గాలి హోరు వేగంతో పాటు మామూలుగా పెరగదు, దాని శక్తి దాదాపు వేగం ఆరో ఘాతంతో పెరుగుతుంది. లెక్క వేస్తే 80 నుంచి 120కి వెళ్తే సుమారు 10 డెసిబెళ్లు ఎక్కువ, అంటే చెవికి రెట్టింపు చప్పుడు. 120 బదులు 100లో వెళ్తే అయిదు డెసిబెళ్ల దాకా ఊరికే తగ్గిపోతుంది, ఏ షీటూ ఇంత చౌకగా ఆ పని చేయదు. అంతకన్నా తక్కువ వేగాల్లో వినబడేది ఎక్కువగా టైర్ల చప్పుడు, టైర్లు మార్చేటప్పుడు నిశ్శబ్దంగా ఉండే రకం అడిగి వేయించుకోండి. కొనేటప్పుడయితే ముందు తలుపులకి చప్పుడుని ఆపే రెండు పొరల అకౌస్టిక్ గ్లాస్ ఉందేమో చూడండి.

మరీ నిశ్శబ్దం కూడా మంచిది కాదట. 2020లో వచ్చిన రోల్స్ రాయిస్ ఘోస్ట్‌లో వంద కిలోలకి పైగా చప్పుడు పీల్చే సామగ్రి వేశాక లోపల కూర్చుంటే ఏదోలా, తికమకగా అనిపించిందని, సీట్ల ఫ్రేముల్లాంటి భాగాలన్నిటినీ ఒకే శ్రుతికి తెచ్చి సన్నటి గుసగుస లాంటి ధ్వని ఒకటి కావాలనే ఉంచారు. డబ్బున్నవాళ్ల కష్టాలు!

ప్రశ్న: అయిదేళ్ల కిందట కొన్నప్పుడు వెన్నలా పోయేది, ఇప్పుడు డొక్కు బస్సులా ఉంది. ఇంకో కారు తీసుకోనా?

జవాబు: ఆగండి! ముందు టైర్లు చూడండి. పక్కగోడ మీద డీఓటీ అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి, 1420 అని ఉంటే 2020లో 14వ వారంలో తయారైనదని. అరుగుదల లేకపోయినా వయసుతో రబ్బరు గట్టిపడుతుంది. తరవాత గాలి. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీదున్న అంకె ఎంతో అంతే, బండి చల్లగా ఉన్నప్పుడు. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠం, అంత కొట్టించకూడదు. గాలి కొట్టే కుర్రాళ్లు అన్ని బండ్లకీ ఒకటే అంకె పెట్టేస్తుంటారు, దగ్గరుండి చెప్పండి.

ఇవి సరిగా ఉన్నా మారకపోతే సస్పెన్షన్ బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు), లింక్ రాడ్లు (సస్పెన్షన్ భాగాల్ని కలిపే సన్నటి కడ్డీలు), ఆ తరవాత షాక్ అబ్జార్బర్లు చూడాలి. చిన్న గతుకుల మీద టకటక శబ్దం వస్తే లింక్ రాడ్డో బుష్షో అయి ఉంటుంది, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడు సార్లు ఊగితే షాక్ అబ్జార్బర్. నాకు ఒక వర్క్‌షాపులో నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చాలని చెప్పారు, అనుమానం వచ్చి ఇంకోచోట చూపిస్తే చిటికెన వేలంత బుష్ ఒకటి చిట్లింది, అంతే. కాబట్టి ఏదైనా మార్చేముందు బండిని లిఫ్ట్ మీద పెట్టించి, చిట్లినదేదో మీ కళ్లతో చూపించమనండి. ఇవన్నీ అయ్యాక కూడా మనసు కుదరకపోతే కొత్తది కొనండి, మీ ఆవిడకి నా పేరు మాత్రం చెప్పకండి.

ప్రశ్న: హైవే మీద క్రూజ్ కంట్రోల్ పెట్టుకుంటే కాలికి హాయిగా ఉంది కానీ గంటకల్లా నిద్ర ముంచుకొస్తోంది. వాడటం మానేయనా?

జవాబు: మానక్కర్లేదు. కాలు పెట్టకుండానే వేగాన్ని ఒకేలా నిలిపే ఈ క్రూజ్ కంట్రోల్‌ని అసలు కనిపెట్టినాయన ఎవరో తెలుసా? రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజనీరు, అయిదేళ్ల వయసులో ప్రమాదంలో చూపు పోయిన మనిషి. తన లాయరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు వేగం తగ్గించేవాడట, వినేటప్పుడు పెంచేవాడట. పక్కన కూర్చున్న టీటర్‌కి ఆ ఊపు భరించరానిదై ఈ యంత్రం ఆలోచన వచ్చిందంటారు. 1950లో పేటెంట్, 1958లో క్రైస్లర్ కార్లలోకి వచ్చింది. చూడలేని మనిషి ఒంటితో పసిగట్టిన అసౌకర్యం ఇది, చూపున్నవాళ్లు ఎన్నేళ్లు ఊగారో!

మీ నిద్రకి ఇంకో కారణం ఉండొచ్చు. ఏసీలో లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ నొక్కి గంటలు గంటలు అలాగే వదిలేస్తున్నారేమో చూడండి. నలుగురు ఊపిరి వదులుతూ ఉంటే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తుగా ఉంటుంది. దుమ్ములో, పొగలో తప్ప బయటి గాలి రానివ్వండి. ట్రాఫిక్ ఎక్కువున్నప్పుడు, వానలో క్రూజ్ ఆపేయండి, ముందు బండిని బట్టి తనే తగ్గించే అడాప్టివ్ రకమైనా కళ్లు మాత్రం మీవే ఉండాలి. రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయండి. అప్పటికీ రెప్పలు వాలుతుంటే పాటలూ చన్నీళ్లూ పనిచేయవు, భద్రమైన చోట ఆపి పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీయండి. సీటు నేను పైన చెప్పినట్టు సర్దుకుని ఉంటే అలారం కూడా పెట్టుకోండి, లేకపోతే సాయంత్రానికి గానీ లేవరు.